అమెరికా పెన్షన్ దేవరకొండకు ఎలా వస్తుంది? ఫోన్ సెటప్ నుంచి మారకం లెక్క దాకా

ఈ వారం రివ్యూ చేయడానికి నా దగ్గర కొత్త ఫోన్ లేదు. ఒక పాత ఐఫోన్ 14 ఉంది, అది మా మేనమామది. పోయినేడాది ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో నేను ఒక బటన్ నొక్కాను. దాంతో మామ నాలుగు నెలలపాటు తన పెన్షన్ తాను ముట్టుకోలేకపోయాడు. ఫోన్లు, సిమ్‌లు, యాప్‌లు అన్నీ తెలుసనుకునే మనలాంటి వాళ్లమే ఇంట్లో ఇలాంటి పనులు చేస్తాం. అందుకే ఈసారి ఇది రాస్తున్నా. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో విదేశం నుంచి తిరిగొచ్చిన పెద్దవాళ్లు ఉంటే చివరిదాకా చదవండి.

నేను చేసిన తప్పు

మామ ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో పనిచేసి దేవరకొండ దగ్గర సొంతూరికి వచ్చేశాడు. అక్కడి సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ప్రతి నెలా అమెరికాలోని ఆయన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఇక్కడి ఖాతాకు యాప్‌తో పంపుకుంటాడు.

ఊరికి వచ్చిన వారంలోనే ఫోన్ నా చేతికిచ్చి "అల్లుడూ, ఇండ్ల ఇక్కడి సిమ్ ఎట్ల ఏస్తరు? సందే లేదు గదా" అన్నాడు. నిజమే, అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రేనే లేదు, ఈసిమ్ ఒక్కటే. ఇక్కడి నంబర్‌కి ఈసిమ్ పెట్టించాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అమెరికా లైన్ చూసి "ఇది ఇంకెందుకు మామా, నెలనెలా దండగ" అన్నా. ప్లాన్ రద్దు చేయించి, ఈసిమ్ కూడా డిలీట్ చేసేశా.

రెండు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. "పైసలు పంపుదామంటే ఏందో కోడ్ అడుగుతుంది అల్లుడూ. అది వస్తలేదు."

ఎలా వస్తుంది? ఆ ఓటీపీ పోయేది నేను తీసేసిన నంబర్‌కే. బ్యాంకుకు ఫోన్ చేస్తే, మీరే మామ అని మాకేం నమ్మకం, రిజిస్టర్ అయిన నంబర్ నుంచి చేయండి అన్నారు. డెబిట్ కార్డు గడువు అప్పటికే అయిపోయింది, కొత్త కార్డు అమెరికాలో ఖాళీ చేసిన ఇంటికి పోయింది. పత్రాలు నోటరీ చేయించి పంపమన్నారు. పంపితే ఇవి చాలవన్నారు. మన రాత్రి పదింటికి వాళ్ల ఆఫీసు తెరుస్తారు కాబట్టి నెలల తరబడి రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని కూర్చున్నాం.

అదే సమయంలో అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది. డాలర్లు అక్కడ భద్రంగా పడుతూనే ఉన్నాయి, ఇక్కడ చేతిలో మాత్రం లేవు. మామ రెండు రూపాయల మిత్తికి మూడు లక్షలు తెచ్చాడు. నాలుగు నెలలకు మిత్తి 24 వేలు. నేను 'ఆదా' చేసిన ప్లాన్ నెలకు పది డాలర్లు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీ తీయ్, నీకేం తెలుసు" అన్నాడు. ఫోన్ల గురించి రాసుకుని బతికేవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు.

ఆ తర్వాత కూర్చుని మొత్తం వ్యవహారం నేర్చుకున్నా. నాకు అర్థమైంది ఒక్కటే. విదేశీ పెన్షన్‌లో సగం పని మారకం లెక్క, సగం పని ఫోన్ నంబర్. మొదటిది తప్పితే కొంత డబ్బు పోతుంది. రెండోది తప్పితే మొత్తం ఆగిపోతుంది. అందుకే రెండోదానితోనే మొదలుపెడదాం.

పాఠం 1: నంబర్ చచ్చిపోకుండా చూసుకోవడం

ఈసిమ్‌ని ఆఫ్ చేయడం వేరు, డిలీట్ చేయడం వేరు. ఐఫోన్‌లో ఎనిమిది, అంతకన్నా ఎక్కువ ఈసిమ్‌లు దాచుకోవచ్చు. ఐఫోన్ 13 నుంచి రెండు ఈసిమ్‌లు ఒకేసారి పనిచేస్తాయి. అంటే ఇక్కడి నంబర్ పెట్టడానికి అక్కడి నంబర్ తీసేయాల్సిన అవసరమే లేదు. రెండూ ఆన్‌లో ఉంచి, అమెరికా లైన్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేస్తే చాలు. అమెరికాలో కొన్న పిక్సెల్ 10కీ, ఎక్కడ కొన్నా ఐఫోన్ ఎయిర్‌కీ ట్రే లేదు కాబట్టి ఈ సంగతి వాళ్లకూ వర్తిస్తుంది.

నంబర్ నిలబెట్టుకోవడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, అదే కంపెనీలో అన్నిటికన్నా చిన్న ప్లాన్‌కి మారడం. మారేముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఇండియాలో రోమింగ్‌లో ఉండగా మెసేజ్‌లు ఉచితంగా వస్తాయా? వైఫై కాలింగ్ విదేశంలోనూ పనిచేస్తుందా? వైఫై కాలింగ్ ఉంటే ఊళ్లో సిగ్నల్ లేకపోయినా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద కాల్స్ వస్తాయి. చాలా నెట్‌వర్కుల్లో మెసేజ్‌లు కూడా వస్తాయి. ఈ ఆప్షన్‌ని అమెరికాలో ఉండగానే ఆన్ చేసి పెట్టుకోవాలి, కొన్ని కంపెనీలు బయట నుంచి మొదటిసారి ఆన్ చేయనివ్వవు.

రెండు, నంబర్‌ని గూగుల్ వాయిస్‌కి పోర్ట్ చేయడం. ఒకేసారి 20 డాలర్లు కడితే చాలు, నెలవారీ ఖర్చు లేదు. ఇదీ అక్కడ ఉండగానే, లైన్ బతికుండగానే చేయాలి. రద్దయిన నంబర్‌ని ఎవరూ పోర్ట్ చేయలేరు. ఒక చిక్కుంది. ఇంటర్నెట్ నంబర్లకు ఓటీపీ పంపని బ్యాంకులున్నాయి. కాబట్టి పోర్ట్ చేసే ముందు మామూలు గూగుల్ వాయిస్ నంబర్ ఒకటి తీసుకుని, మన బ్యాంకు దానికి కోడ్ పంపుతుందో లేదో పరీక్షించండి.

మూడు, అసలు మెసేజ్ ఓటీపీ మీద ఆధారపడకపోవడం. బ్యాంకు ఒప్పుకుంటే ఆథెంటికేటర్ యాప్ గానీ పాస్‌కీ గానీ పెట్టండి. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లోకి పోవడానికి వాడే లాగిన్ డాట్ గవ్‌లో ఆథెంటికేటర్ యాప్, సెక్యూరిటీ కీ, బ్యాకప్ కోడ్‌లు అన్నీ ఉన్నాయి. ఇవేవీ ఫోన్ నంబర్ అడగవు. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, భూమి పాస్‌బుక్ ఎక్కడ దాస్తారో అక్కడే దాయండి. గూగుల్ ఆథెంటికేటర్ అయితే 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ ఖాతాలో సింక్ అవుతుంది, ఆ సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే ఫోన్ పగిలిన రోజు కోడ్‌లూ పోతాయి.

చచ్చిన నంబర్ ఊరికే పడి ఉండదని కూడా గుర్తుంచుకోండి. అమెరికా టెలికం నిబంధనల ప్రకారం రద్దయిన నంబర్‌ని కనీసం 45 రోజులు ఆపి, తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంటే మామ బ్యాంకు ఓటీపీలు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోయే రోజు వస్తుంది. నాకు నిద్ర పట్టనిది అందుకే.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకాల ఉన్నదానికే చేయండి. సాయం చేస్తామంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమన్నవాళ్ల ఫోన్ వెంటనే పెట్టేయండి.

పాఠం 2: గూగుల్‌లో కనిపించే రేటు మనకొచ్చే రేటు కాదు

మన జిల్లాలకు మారకం కొత్త కాదు. నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు నల్లగొండ, పాలమూరుల్లో చెల్లింది హాలీ సిక్కా. కృష్ణ దాటి గుంటూరు వైపు పోతే అక్కడ నడిచేది బ్రిటిష్ వాళ్ల కల్దార్. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్ రూపాయలు. అప్పుడూ మధ్యలో మార్చేవాడు తన వాటా తీసుకునేవాడు, ఇప్పుడూ తీసుకుంటాడు. తేడా ఏంటంటే ఇప్పుడు ఆ వాటా మూడు చోట్ల దాక్కుని ఉంటుంది.

గూగుల్‌లో డాలర్ రేటు కొడితే కనిపించేది మార్కెట్ మధ్య రేటు. కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ నట్టనడుమ ఉండే అంకె అది. ఆ రేటుకు మామూలు మనిషికి ఎవరూ మార్చరు. బయటి నుంచి వచ్చిన డాలర్లను మన బ్యాంకు కొనుక్కునే రేటును టీటీ బయింగ్ రేట్ అంటారు. బ్యాంకులు రోజూ తమ రేట్ల పట్టిక పెడతాయి, అందులో ఈ గడి చూడాలి. నోట్లు కొనే రేటు, అమ్మే రేటు మనకు అనవసరం.

ఒక లెక్క చేద్దాం. తేలిగ్గా ఉండటానికి గూగుల్‌లో డాలర్ 90 రూపాయలు అనుకుందాం. పెన్షన్ 1,000 డాలర్లు. చూడగానే 90,000 వస్తుందనిపిస్తుంది. స్విఫ్ట్ దారిలో పంపితే జరిగేది ఇది.

మొదటి కోత మధ్యవర్తి బ్యాంకుది. పంపే బ్యాంకుకీ మన ఊరి బ్యాంకుకీ నేరుగా లావాదేవీ లేకపోతే నడుమ ఇంకో బ్యాంకు వస్తుంది. అది 15 డాలర్లు తీసుకుందనుకుందాం. ఇక్కడికి చేరేది 985.

రెండో కోత రేటులో ఉంటుంది. బ్యాంకు టీటీ బయింగ్ రేటు 88.80 అనుకుంటే 985 డాలర్లకు 87,468 రూపాయలు.

మూడోది జీఎస్టీ. ఇది మొత్తం డబ్బు మీద కాదు, మారకం సేవ విలువ మీద. బ్యాంకులు సాధారణంగా వాడే పద్ధతిలో లక్ష రూపాయల దాకా 1 శాతం, కనీసం 250 రూపాయలు, ఆ సేవ విలువగా లెక్కేస్తారు. లక్ష దాటి పది లక్షల దాకా అయితే 1,000 రూపాయలకు తోడు లక్ష పైన ఉన్నదాంట్లో అర శాతం. ఆ విలువ మీద 18 శాతం పన్ను. మన లెక్కలో 87,468లో 1 శాతం అంటే 874.68, దాని మీద పన్ను 157 రూపాయలు.

చివరికి ఖాతాలో పడేది 87,310 రూపాయలు. 90,000కీ దీనికీ తేడా 2,690. ఏడాదికి 32 వేల పైమాటే. మనం నెలల తరబడి పోల్చి పోల్చి కొనే మిడ్ రేంజ్ ఫోన్ ధర అది!

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ఖాతాలో పడిన రూపాయలను అక్కడ ఖాతాలోంచి పోయిన డాలర్లతో భాగించండి. మన లెక్కలో 87,310ని 1,000తో భాగిస్తే 87.31. అదే మీ అసలు రేటు. "జీరో ఫీజు" అని యాడ్ ఇచ్చేవాడు రేటులో కోసుకోవచ్చు, "బెస్ట్ రేట్" అనేవాడు ఫీజులో కోసుకోవచ్చు. ఈ భాగహారం దగ్గర మాత్రం ఎవరూ దాచలేరు. ప్రాసెసర్ పేరు చూసి ఫోన్ కొనకుండా బెంచ్‌మార్క్ చూసినట్టే ఇది. యాప్‌లను పోల్చేటప్పుడు కూడా ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే మొత్తానికి ఈ ఒక్క అంకెనే పోల్చండి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది, కాబట్టి పోలిక పని రోజుల్లోనే చేయండి.

స్విఫ్ట్‌లో పంపేటప్పుడు ఛార్జీలు ఎవరు భరించాలో ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. అన్నీ పంపేవాడే భరించేది ఒకటి, ఇద్దరూ పంచుకునేది ఒకటి, అన్నీ అందుకునేవాడి నుంచి కోసేది ఒకటి. మామ విషయంలో పంపేదీ అందుకునేదీ ఆయనే కాబట్టి, మొత్తం మీద ఏది తక్కువో భాగహారమే చెబుతుంది.

పంపిన డబ్బు దారిలో ఎక్కడో ఆగిపోతే బ్యాంకును యూఈటీఆర్ నంబర్ అడగండి. 36 అక్షరాల పొడవుంటుంది. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు చూస్తే గుర్తుపడతారు, అది మామూలు యూయూఐడీనే. కొరియర్ ట్రాకింగ్ నంబర్‌లాగా, డబ్బు ఏ బ్యాంకు దగ్గరుందో దానితో కనుక్కోవచ్చు. "రెండ్రోజులాగి రండి" అనే కౌంటర్ దగ్గర ఆ నంబర్ చెప్పి చూడండి, మాట మారుతుంది.

పాఠం 3: నెలనెలా పంపాలా, కూడబెట్టి పంపాలా?

అదే బ్యాంకు, అదే రేటు. కానీ మూడు నెలలది కలిపి 3,000 డాలర్లు ఒకేసారి పంపితే? 15 డాలర్ల కోత ఒక్కసారే. 2,985 డాలర్లకు 88.80 చొప్పున 2,65,068 రూపాయలు. జీఎస్టీ 329. చేతికొచ్చేది 2,64,739. భాగిస్తే డాలర్‌కి 88.25. ఏడాది మొత్తంలో పోయేది 32 వేలు కాదు, 21 వేలు. ఏ యాప్ మార్చకుండా, ఎవరినీ బతిమాలకుండా 11 వేలు మిగిలాయి.

పెద్ద మొత్తం అయితే ఇంకో లాభం ఉంది. బ్రాంచి మేనేజర్‌ని రేటు అడగొచ్చు. పట్టికలో ఉన్నదే రేటు అనుకోకండి, మొత్తాన్ని బట్టి పైసలు పెంచే బ్యాంకులున్నాయి. అదే 3,000కి 89.40 ఇచ్చారనుకోండి, చేతికొచ్చేది 2,66,528. మామకు అడగడం మొహమాటం, అందుకే నేను పక్కన నిలబడి అడుగుతా.

మరి రేటు పెరిగేదాకా ఆగొచ్చా? నేను ఆగమని చెప్పను. డాలర్ రేపు ఎంతుంటుందో చెప్పగలిగినవాడు యూట్యూబ్‌లో కూర్చోడు. మందులకూ ఇంటి ఖర్చుకూ కావాల్సింది వేళకు రావాలి. మూడు నెలలకోసారి ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు రేటు ఎంతున్నా పంపడమే మేం ఎంచుకున్న పద్ధతి. దానికి తోడు ఆరు నెలల ఖర్చు ఇక్కడి ఖాతాలో రూపాయల్లో ఎప్పుడూ ఉండాలి. అది ఆ రోజు ఉండి ఉంటే మిత్తి అప్పు అవసరం వచ్చేది కాదు.

ఇలా కూడబెట్టి పంపాలంటే అక్కడి ఖాతా బతికుండాలి, అది బతకాలంటే అక్కడి నంబర్ బతకాలి. పది డాలర్ల ప్లాన్ దండగ కాదని నాకు ఈ లెక్క వేశాకే తెలిసింది. ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్లకు, సోషల్ సెక్యూరిటీ వాళ్లు కొన్ని దేశాల్లోని బ్యాంకులకు నేరుగా జమచేసే పద్ధతి కూడా ఉంది. తేలికే, కానీ ఏ రోజు, ఏ రేటుకు మార్చాలన్నది మీ చేతిలో ఉండదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివి ఇచ్చి బయటికి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి, అక్కడి డెబిట్ కార్డు నుంచి పంపితే లేదు. రెండోది, అమెరికా కార్డుతో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏటీఎంలో డబ్బు తీస్తే "డాలర్లలో మార్చి చూపించమంటారా" అని స్క్రీన్ మీద అడగొచ్చు. ఒప్పుకోవద్దు, రూపాయల్లోనే తీయండి. ఒప్పుకుంటే మెషిన్ తన సొంత రేటు వేస్తుంది.

పాఠం 4: ఇక్కడి ఖాతా, పన్ను, పోస్టులో వచ్చే కాగితం

తిరిగొచ్చి స్థిరపడ్డాక పాత ఎన్ఆర్ఈ ఖాతాను అలాగే ఉంచుకోకూడదు. బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగా మార్పించాలి, లేదా ఆర్ఎఫ్‌సీ ఖాతాలోకి మళ్లించాలి. ఆర్ఎఫ్‌సీ అంటే ఇండియాలోనే, మన బ్యాంకులోనే డాలర్లను డాలర్లుగా ఉంచుకునే ఖాతా. విదేశీ యజమాని ఇచ్చే పెన్షన్, రిటైర్మెంట్ సొమ్ము అందులో వేసుకోవచ్చు. మళ్లీ బయటికి వాడుకోవడానికీ అడ్డులేదు. అన్ని బ్రాంచిల్లో దీని గురించి తెలిసినవాళ్లు ఉండరు, ఓపిగ్గా అడగాలి.

పన్ను విషయంలో అందరూ కలిపేసే రెండింటిని విడదీసి చూడాలి. భారత్, అమెరికాల పన్ను ఒప్పందం ప్రకారం సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మీద పన్ను హక్కు అమెరికాదే. అమెరికా పౌరసత్వం లేకుండా ఇక్కడ ఉంటున్నవాళ్లకు అక్కడే 25.5 శాతం కోసి పంపుతారు, అంటే పెన్షన్‌లో 85 శాతం మీద 30 శాతం. ప్రైవేటు కంపెనీ ఇచ్చే పెన్షన్ వేరు, అది ఇక్కడ నివాసి అయినవాళ్లకు ఇక్కడి ఆదాయం లెక్కలోకి వస్తుంది. దాన్ని రూపాయల్లో చూపించేటప్పుడు గూగుల్ రేటు కాదు, స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు తీసుకోవాలి. విదేశీ ఖాతాల వివరాలు కూడా రిటర్న్‌లో చూపించాల్సి ఉంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం విదేశీ ఆదాయం చూసే సీఏ దగ్గరికి పోండి, యాప్‌తో చేయొద్దు.

ఇక కాగితం. ఇక్కడి పెన్షనర్లకు 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉంది, ఇప్పుడు ఫోన్ కెమెరాకు మొహం చూపిస్తే చాలు, బతికున్నట్టు సర్టిఫికెట్ వచ్చేస్తుంది. అమెరికా పద్ధతి అలా కాదు. విదేశంలో ఉన్నవాళ్లకు ఎస్ఎస్ఏ-7162 అనే ఫారం ఏడాదికో రెండేళ్లకో పోస్టులో వస్తుంది. నింపి, సంతకం చేసి తిరిగి పంపకపోతే పెన్షన్ ఆపేస్తారు. కాబట్టి వాళ్ల దగ్గర మీ ఊరి చిరునామా పిన్‌కోడ్‌తో సహా సరిగ్గా ఉండాలి. పోస్ట్‌మ్యాన్‌కి ఫోన్ నంబర్ ఇచ్చి పెట్టండి. ఇంత టెక్నాలజీ రాసి చివరికి పోస్ట్‌మ్యాన్ దగ్గరికి వచ్చానని నవ్వకండి, మామ కొత్త డెబిట్ కార్డు చిరునామా మార్చకపోవడం వల్లే పోయింది.

ఇప్పుడు అక్కడున్నవాళ్లకు

ఇది చదివేవాళ్లలో అన్నలు, అక్కలు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు, అంటే కనీసం పదేళ్లు. భారత పౌరులు తిరిగొచ్చాక ఇక్కడ ఉంటూ ఆ పెన్షన్ తీసుకోవడానికీ ఈ 40 క్రెడిట్లే ఆధారం. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడి పీఎఫ్ ఏళ్లు అక్కడ కలవవు. తొమ్మిదిన్నరేళ్లకు తిరిగొచ్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. కెనడాతో 2015 నుంచి, ఆస్ట్రేలియాతో 2016 నుంచి, జర్మనీతో 2017 నుంచి ఒప్పందాలున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఇండియాకు వస్తుంది గానీ, ఇక్కడ ఉంటున్నవాళ్లకు ఏటేటా పెరగదు. మొదటి రోజు ఎన్ని పౌండ్లో చివరిదాకా అన్నే.

గల్ఫ్ అంటే కరీంనగర్, నిజామాబాద్ వైపు గుర్తొస్తాయి గానీ మా జిల్లాల నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. అక్కడ మనవాళ్లకు నెలవారీ పెన్షన్ ఉండదు, పని మానేసినప్పుడు ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీ ఉంటుంది. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, తర్వాత నెల జీతం. అది జీవితంలో ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం, కాబట్టి రేటు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

దానికో సులువైన చిట్కా. రియాల్, దిర్హామ్ రెండూ డాలర్‌కి కట్టేసి ఉన్నాయి. డాలర్‌కి 3.75 రియాళ్లు, 3.6725 దిర్హామ్‌లు. డాలర్ 90 అయితే రియాల్ కచ్చితంగా 24 రూపాయలు, దిర్హామ్ సుమారు 24.50. ఎవరైనా "ఈరోజు రియాల్ రేటు అదిరింది" అంటే ఫోన్ తీసి డాలర్ రేటును 3.75తో భాగించండి. తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది. మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ల ద్వారా వచ్చే డబ్బుకు ఒక్కోసారికి 2,500 డాలర్ల పరిమితి, ఏడాదికి 30 సార్లు అనే నియమం ఉంది. గ్రాట్యుటీ లాంటి పెద్ద మొత్తం బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకే పంపుకోవాలి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకుని ఒక గంట కూర్చోండి. విదేశీ నంబర్ ఏ ప్లాన్‌లో ఉంది, ఎప్పటిదాకా ఉంది? ఆ నంబర్‌కి ఏయే ఖాతాల ఓటీపీలు వస్తాయి? కాగితం మీద రాయండి. ఆథెంటికేటర్, బ్యాకప్ కోడ్‌లు ఉన్నాయా? బ్యాంకులో, పెన్షన్ ఆఫీసులో చిరునామా మారిందా? డెబిట్ కార్డు గడువు ఎప్పుడు? పోయిన మూడుసార్లు పంపిన డబ్బుకు అసలు రేటు ఎంత పడింది? అన్నీ అయ్యాక ఒక చిన్న మొత్తం, యాభై డాలర్లు, పంపి చూడండి. మొత్తం దారి పనిచేస్తోందని తేలేది అప్పుడే.

ఏదైనా తీసేసే ముందు మాత్రం వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "దీనికి ఏమేం వస్తయి?" నేను ఆ రోజు మామను అది అడగలేదు.

ఇప్పుడు మామ ఫోన్‌లో రెండు లైన్లూ ఉన్నాయి. పాత నంబర్ దొరకలేదు, అమెరికాలో ఉన్న ఆయన కొడుకు ఫ్యామిలీ ప్లాన్‌లో కొత్తది తీసుకుని బ్యాంకులో మార్పించాం. అత్తమ్మ ఆపరేషన్ అయి, గడియారం స్తంభం దాకా నడిచి కూరగాయలు తెచ్చుకుంటోంది. మూడు నెలలకోసారి మామ ఫోన్ చేసి "అల్లుడూ, ఈసారి ఎంత పడ్డది చూడు" అంటాడు. భాగించి చెప్తా. మొన్నటిది 88.61.